ఓబో రీడు కట్టడం నేర్చుకున్నాను: నా అనుభవం

2023 జూన్‌లో నా చివరి రీడు చీలింది. పొద్దున్నే సాధన చేసి, కడిగి, తుడిచి పెట్టెలో పెడుతుంటే కొస దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. మళ్ళీ నానబెట్టి ఊదితే గాలి తప్ప స్వరం లేదు. మా ఊరు కందుకూరులో ఓబో రీడు ఏ కొట్లో దొరుకుతుంది? ఒంగోలులో దొరకదు, నెల్లూరులో దొరకదు. చెన్నైలో కూడా ఆర్డరు పెట్టి తెప్పించుకోవాల్సిందే.

ఓబో గురించి తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. అది పడమటి దేశాల సన్నాయి. రెండడుగుల నల్లటి చెక్క గొట్టం, దాని నిండా వెండి రంగు మీటలు. నోట్లో పెట్టుకునే చోట రెండు సన్నటి రెల్లు రేకులు ఒకదానికొకటి ఎదురెదురుగా కట్టి ఉంటాయి. ఆ జోడీనే రీడు అంటారు. చిన్నప్పుడు కొబ్బరాకు చుట్టి బూర చేసుకున్నవాళ్ళకు ఇందులో కిటుకు ఇప్పటికే తెలుసు. మొదలు దగ్గర ఆకును నొక్కి ఊదితే రెండు అంచులూ కొట్టుకుని "పీ" మంటుంది కదా, ఓబోలో ఆ పని రెల్లు రేకులు చేస్తాయి. క్లారినెట్‌కు ఒక్క రేకే. ఓబోకు, బసూన్‌కు, మన నాదస్వరానికి రెండు. పెద్ద ఆర్కెస్ట్రాలో కచేరీకి ముందు అందరూ శ్రుతి కలుపుకునేది ఓబో ఇచ్చే "ఎ" స్వరానికే. సాధారణంగా అది సెకనుకు 440 కంపనాలు. ఆ స్వరం నిలకడగా రావాలంటే రీడు బాగుండాలి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చెన్నైలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక చర్చి ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే మేడమ్ నాకు దీన్ని నేర్పారు. ఇప్పటికీ ఏటా డిసెంబరులో సింగరాయకొండలో రైలెక్కి వెళ్ళి వాళ్ళ క్రిస్మస్ కచేరీలో వాయించి వస్తాను. మిగతా పదకొండు నెలలూ నా సాధన మా డాబా మీది గదిలోనే.

రీడుకు ఆయుష్షు తక్కువ. నాకైతే ఒకటి 10, 15 గంటల వాయింపుకు వస్తుంది. అందుకని విదేశం నుంచి నాలుగు తెప్పించాను, ఒక్కోటి 2,400 రూపాయలు పడింది. ఐదు వారాలకు వచ్చాయి. రెండు అసలు పలకలేదు, మూడోది బొంగురుగా ఉంది. అమ్మినవాళ్ళకు రాస్తే ఇక్కడ బాగానే పలికాయి అన్నారు. అది నిజమే అయి ఉంటుంది. చలిగా పొడిగా ఉండే ఊళ్ళో గీకిన రెల్లు మా సముద్రపు గాలికి వచ్చేసరికి తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, రేకుల మధ్య సందు మారిపోతుంది. ఈ సంగతి మేడమ్‌కు ఫోన్లో చెబితే ఆవిడ ఒక్కటే అన్నారు: "నువ్వే కట్టుకో. మీ ఊరి గాలికి సరిపడే రీడు మీ ఊళ్ళోనే తయారవ్వాలి."

ఆ మాట పట్టుకుని సామాను తెప్పించుకున్నాను. రెల్లు పేరు అరుండో డోనాక్స్. గడ్డి జాతిదే, చూడ్డానికి సన్న వెదురులా ఉంటుంది. ఫ్రాన్స్ దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున వార్ అనే ప్రాంతంలో పెరిగిన రెల్లుకు పేరెక్కువ. ఓబోకు 10, 11 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాలు కావాలి. వాటిని నిలువుగా మూడుగా చీల్చి, లోపలి వైపు మధ్యలో సుమారు 0.6 మిల్లీమీటర్ల మందం మిగిలేదాకా చెక్కుతారు. ఆ చెక్కే యంత్రం ధర నా జీతానికి అందేది కాదు. అందుకే చెక్కి, ఆకారం కోసి, మధ్యకు మడిచిన ముక్కలనే కొన్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా కూడా అదే. వాటితోపాటు స్టేపుల్ అనే 47 మిల్లీమీటర్ల లోహపు గొట్టం, దాని కింది భాగానికి బెండు. స్టేపుల్‌ను పట్టుకోవడానికి మాండ్రెల్ అనే పిడి. రేకుల మధ్య దూర్చే పల్చటి ఉక్కు బిళ్ళ, దాన్ని ప్లాక్ అంటారు. నైలాన్ దారం, తేనెమైనం, కత్తి.

మొదటి నెల అంతా కట్టుడుతోనే సరిపోయింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో ఇది అర నిమిషంలో అయిపోతుంది, నా చేతిలో మాత్రం గంట పట్టేది.

రెల్లును గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. దారానికి మైనం పట్టించి ఒక కొస బల్లకు కొట్టిన మేకుకు కట్టుకోవాలి. మడిచిన రెల్లును స్టేపుల్ నోటికి తొడిగి స్కేలు పెట్టి చూడాలి: మడత కొస నుంచి స్టేపుల్ అడుగుదాకా నా ముక్కలకైతే 72 మిల్లీమీటర్లు రావాలి. స్టేపుల్ నోరు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని వెడల్పు వైపుకే రేకులు ఎదురుగా కూర్చోవాలి. ఒక్క రవ్వ మెలిపడినా తర్వాత ఎంత గీకినా లాభం లేదు. ఇప్పుడు మాండ్రెల్ పట్టుకుని వెనక్కి లాగుతూ, దారం వీణ తీగలా బిగిసి ఉండగా, స్టేపుల్ కొసకు కాస్త కింద మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ పోవాలి. ఒక్కో చుట్టుకూ రేకుల పక్క అంచులు దగ్గరవుతుంటాయి. దారం సరిగ్గా స్టేపుల్ కొసకు చేరేసరికి ఆ అంచులు రెండు వైపులా మూసుకోవాలి. ముందే మూసుకుంటే విప్పి, రెల్లును వెంట్రుకవాసి పైకి లాగి మళ్ళీ కట్టాలి. కొసకు వచ్చినా మూసుకోకపోతే కిందికి నెట్టాలి. స్టేపుల్ దాటి ఒక్క చుట్టు పైకి పోయిందా, రెల్లు గొంతు నులిమినట్టే, కదలిక చచ్చిపోతుంది.

నేను చేసిన తప్పు సరిగ్గా అదే. మొదటి ఏడు రీడ్లలో ఐదింటికి దారం స్టేపుల్ దాటిపోయింది. దారం మందంగా ఉండటంతో స్టేపుల్ ఎక్కడ అయిపోయిందో కంటికి కనిపించదు. చివరికి అడుగు నుంచి 47 మిల్లీమీటర్ల దగ్గర, అంటే స్టేపుల్ అయిపోయే చోట, పెన్సిల్‌తో రెల్లు మీద గీత గీసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదే అని బాధపడ్డాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కట్టుడు కుదిరాక గీకుడు. అక్కడ కత్తి దెబ్బ తీసింది. రెల్లును కోయకూడదు, గీకాలి. కత్తిని దాదాపు నిలబెట్టి మెల్లగా లాగితే సన్నటి పొడి రాలాలి. నాకు పొడి బదులు పీచులు లేచేవి. పదును పోయిందనుకుని బజారులో సాన పట్టేచోట ఇచ్చాను. చక్రం మీద నిప్పురవ్వలు వచ్చేలా పట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే అంచు అలలు అలలుగా ఉంది. 3,500 పెట్టి కొన్న కత్తి. ఆ రాత్రి నిజంగా ఏడ్చాను. ఆ కత్తితోనే మొండిగా గీకితే వరసగా నాలుగు రీడ్ల కొసలు విరిగిపోయాయి.

అధిక శ్రావణం వెళ్ళి నిజ శ్రావణం వచ్చింది. ఒంగోలులో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. తలంబ్రాలు అయ్యాక భోజనాల వేళ మేళం ఆగింది. నాదస్వరం వాయించిన పెద్దాయన ఒక పక్కన కూర్చుని, పీక, అంటే నాదస్వరం రీడు, బయటికి తీసి, నోట్లో తడుపుకుని, చిన్న కత్తితో రెండే రెండు సార్లు గీకి, ఒట్టి పీకనే ఊదారు. మళ్ళీ ఒక్కసారి గీకి ఊదారు. తల ఆడించి నాదస్వరానికి తొడిగారు. అంతా కలిపి ఒక నిమిషం. నేను ప్లేటు పక్కన పెట్టి వెళ్ళి ఆయన దగ్గర కూర్చున్నాను.

"తాతా, ఆ కత్తి ఒకసారి చూడొచ్చా?" అన్నాను.

"కత్తి ఎందుకు తల్లీ నీకు?"

నేను ఓబో సంగతి, రీడు సంగతి చెప్పాను. ఫోన్లో బొమ్మలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇదీ మన పీకే గదా. సన్నంగా ఉంది, అంతే. ఆదివారం ఇంటికి తీసకరా, చూద్దాం" అన్నారు.

ఆయనది కరవది దగ్గర ఊరు. కరవది అంటే నాదస్వరం తెలిసినవాళ్ళు చేతులు జోడిస్తారు. షేక్ చిన మౌలానా గారు 1924లో పుట్టింది అక్కడే. చిలకలూరిపేట సంప్రదాయంలో నేర్చుకుని, తర్వాత తంజావూరు బాణీ కూడా పట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించిన మనిషి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. చిన్నప్పుడు ఆయన వాయింపు వినడానికి వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి వెళ్ళానని తాత చెబుతుంటారు. తాత వాళ్ళ నాన్న పొద్దున క్షౌరం కత్తి, సాయంత్రం సన్నాయి పట్టినవారట. ఆయన సానరాయి ఇంకా ఇంట్లో ఉంది. మధ్యలో పల్లం పడి నున్నగా, నల్లగా, అరచేతి అంత రాయి.

ఆ ఆదివారం తాత నా కత్తి తీసుకుని అంచును బొటనవేలి గోరు మీద ఆనించారు. అది జారిపోయింది. "పట్టుకోవడంలా, చూశా? పదునున్న కత్తి గోరు మీద ఆగుద్ది" అన్నారు. ముందు అలలు పోయేదాకా గరుకు రాయి మీద నూరారు. తర్వాత నల్లరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, రొట్టె మీద వెన్న రాస్తున్నట్టు ఒకే వైపు తోశారు. శబ్దం సన్నగా, ఒకే తీరున వచ్చేది. నా చేతికి ఇచ్చాక అదే రాయి కరకరలాడింది.

"అదమబాక. రాయి పని రాయి చేసుద్ది" అన్నారు.

రెండు గంటలు నూరించారు. మధ్యలో వాళ్ళ కోడలు మజ్జిగ ఇస్తే తాగి మళ్ళీ కూర్చున్నాను. చివరికి అంచు గోరు మీద ఆగింది. చెడిపోయిన ఒక రీడు తీసి గీకితే తెల్లటి పొడి, పౌడరులా, ప్లాక్ మీద రాలింది. ఇన్నాళ్ళూ నేను రెల్లును తిట్టుకున్నాను, వీడియోలను తిట్టుకున్నాను. లోపం మొత్తం కత్తిలో ఉంది.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి వినడం. నా పద్ధతి ఎలా ఉండేదంటే, కొలతల కాగితం ముందు పెట్టుకుని, కొస నాలుగు మిల్లీమీటర్లు, గుండె అనే మధ్య భాగం ఇంత, వెనక భాగం ఇంత అని లెక్క ప్రకారం పావుగంట గీకి, అప్పుడు ఊదేదాన్ని. లెక్కల టీచరును కదా, కొలత మీద నమ్మకం ఎక్కువ. తాత ఆ కాగితం పక్కన పెట్టించి, "రెండు సార్లు గీకు, ఊదు. మళ్ళీ రెండు గీకు, ఊదు" అన్నారు. అలా చేస్తుంటే నాకు వినపడని తేడా ఆయనకు వినపడేది. "ఎడమ పక్క నిద్రపోతా ఉంది, లేపు" అనేవారు. రీడును కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే నిజంగానే ఎడమ పక్క నీడ చిక్కగా ఉండేది. రెల్లు ప్రతి ముక్కా వేరు. ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది. ఒకే కొలత రెంటికీ సరిపడదు.

ఆయన పీకకూ నా రీడుకూ తేడాలు లేకపోలేదు. నాదస్వరం పీకను అరవం వైపు శీవాళి అంటారు. కావేరి ఒడ్డు రెల్లుతో చేస్తారు, తిరువావడుదురై వాళ్ళ పనితనానికి పెట్టింది పేరు. అది పొట్టిగా, విసనకర్రలా వెడల్పుగా ఉంటుంది. నాదస్వరానికి మీటలు లేవు కాబట్టి గమకం సగం పెదవుల్లో, ఊపిరిలో పలకాలి, పీక ఆ ఒత్తిడికి లొంగాలి. ఓబో రీడు కొస వెడల్పు సుమారు ఏడు మిల్లీమీటర్లే. అది లొంగాలి, కానీ శ్రుతి నుంచి జారకూడదు. తాత నాదస్వరానికి దారంతో అదనపు పీకలు, వాటిని శుభ్రం చేసుకునే దంతపు పుల్ల వేలాడుతుంటాయి. నా పెట్టెలో ఆ పుల్ల పని కోడి ఈక చేస్తుంది.

ఓబోలో ఒట్టి రీడును ఊదినప్పుడు వచ్చే శబ్దాన్ని క్రో అంటారు, అంటే కాకి కూత. కూత అంటేనే నాకు బాగుంటుంది. నేను గీకే పద్ధతిలో ఆ కూత "సి" స్వరం దగ్గర, కింది స్థాయీ పై స్థాయీ రెండూ కలిసి వినపడాలి. ఫోన్లో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని చూస్తాను. కూత కిందికి ఉంటే కొస నుంచి వెంట్రుకంత కోయాలి. పైకి ఉంటే వెనక భాగం ఇంకాస్త గీకాలి. పలకడమే బరువుగా ఉంటే కొస పల్చన కావాలి. ఇదంతా చేసేముందు స్టేపుల్ అడుగు వేలితో మూసి ఊది చూడాలి, పక్కల నుంచి గాలి కారుతుంటే గీకుడు దండగ. కొద్దిగా కారితే ప్లంబర్లు వాడే తెల్ల టేపు సన్నగా చుడితే చాలు.

అక్టోబరు 8, ఆదివారం, మధ్యాహ్నం. నా నోటుబుక్కులో అది 23వ రీడు. కొస మూలలు ఆఖరిసారి గీకి ఊదితే, అప్పటిదాకా ఒంటి గొంతుతో కీచుమన్న రీడు ఒక్కసారిగా రెండు గొంతులతో పలికింది. పైన సన్నగా ఒకటి, కింద గురగురమంటూ ఒకటి. యాప్‌లో ముల్లు "సి" మీద ఆగింది. చేతులు వణికాయి. ఓబోకు తొడిగి కింది స్వరాలు వాయించాను. అవి ఎప్పుడూ నన్ను ఏడిపించేవే, ఆ రోజు తలుపు తోస్తే తెరుచుకున్నట్టు వచ్చాయి. తాతకు ఫోన్ చేసి రీడును మైకు దగ్గర ఊదాను. "లేచిందే రెండో పక్క కూడా" అన్నారు.

డిసెంబరుకు నాలుగు మంచి రీడ్లు సిద్ధం చేసుకున్నాను. నెల మొదట్లో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు రెండు రోజులు వాన వదల్లేదు. కరెంటు పోయింది. దీపం పెట్టుకుని రీడ్ల పెట్టె తెరిస్తే నాలుగింటి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఊదితే దవడలు నొప్పి పుట్టేంత బరువు. టెన్షన్‌తో అప్పటికప్పుడు గీకబోయాను, మళ్ళీ ఆగాను. వాన తగ్గాక గాలి ఆరితే రీడు తిరిగి ముడుచుకుంటుంది. ఇప్పుడు గీకిందానికి అప్పుడు బలం ఉండదు. కాబట్టి ఒక్కదాన్ని మాత్రమే కాస్త పల్చన చేసి, మిగతా మూడింటి జోలికి పోలేదు. వారం తర్వాత ఆ మూడూ దారికి వచ్చాయి. గీకినది పీలగా అయిపోయింది.

ఆ మూడింటినే చెన్నై తీసుకువెళ్ళాను. రిహార్సల్లో మేడమ్ ఒకదాన్ని అడిగి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు, కూత విన్నారు. "కట్టుడు బిగువుగా ఉంది. కొస ఇంకా నున్నగా రావాలి" అన్నారు. కచేరీ మొదట్లో ఆవిడ నా వైపు తల ఊపితే "ఎ" స్వరం నేనే ఇచ్చాను.

అప్పటినుంచి ఏడాది పొడుగునా కాలాన్ని బట్టి పని మార్చుకుంటున్నాను. రోహిణి కార్తెలో రేకులు ముడుచుకుపోతాయి కాబట్టి వేసవి రీడ్లను నోరు కాస్త తెరిచి ఉండేలా కడతాను. ఈశాన్య రుతుపవనాల వానలకు కొంచెం ఎక్కువ గీకి పెట్టుకుంటాను. నోటుబుక్కులో ప్రతి రీడుకూ తేదీ, కట్టిన పొడవు, ఆ రోజు వాన ఉందా ఎండ ఉందా అన్నది రాస్తాను. మూడింటిలో రెండు పనికొస్తున్నాయి. ఒకసారి తాతకు ఫ్రెంచి రెల్లు ముక్క ఒకటి ఇచ్చాను. వాసన చూసి, గోటితో నొక్కి, "గట్టి రకం" అని పీకల డబ్బాలో దాచుకున్నారు. దాంతో ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు.

కట్టిన రీడును వెంటనే గీకకుండా ఒక రాత్రి ఆరనివ్వాలి. ఇవాళ సాయంత్రం బడి నుంచి వచ్చాక కట్టిన 64వది బల్ల మీద మాండ్రెల్‌కే ఉంది. రేపు పొద్దున్నే కొస కోస్తాను.